గినీ పిగ్ పిల్లలకి జలుబు చేస్తే: ఏ మందు వేయకూడదు, వేసే మందు ఎలా పట్టాలి

కావలి నుంచి ఒకామె అడిగిన విషయం క్లుప్తంగా ఇదీ. నెల్లూరులో కొన్న ఆడ గినీ పిగ్ (ఇంట్లో పెంచుకునే, ఎలుక జాతి చిన్న జంతువు) ఇంటికొచ్చాక మూడు పిల్లల్ని పెట్టింది. పిల్లలకి ఇప్పుడు మూడు వారాలు. రెండింటికి తుమ్ములు, ముక్కు చుట్టూ తడి. వాటిలో చిన్నది నిన్న సాయంత్రం నుంచి మేత ముట్టడం లేదు. బాబుకి రాసిన అమాక్సిసిలిన్ సిరప్ ఇంట్లో మిగిలి ఉంది, అది రెండు చుక్కలు వేయొచ్చా? గొర్రెల మందుల షాపులో ఇచ్చిన మందు ఇంకొకటి ఉంది, దాన్ని తాగే నీళ్లలో కలిపితే పోతుందా? అదే గదిలో ఒక కుందేలు కూడా ఉందట.

అమ్మా, రెండూ వద్దు. ముందు ఆ సిరప్ సీసా పక్కన పెట్టేయండి. ఈపాటికే ఒకటి రెండు చుక్కలు వేసి ఉంటే కంగారు పడకుండా అక్కడితో ఆపేసి, డాక్టరుకి ఆ మాట తప్పకుండా చెప్పండి. దాచొద్దు. నేను పశువైద్యుణ్ణి. ఒంగోలు చుట్టుపక్కల ఎక్కువగా గేదెలు, గొర్రెలు చూసే పనే అయినా కొన్నేళ్లుగా కుందేళ్లు, గినీ పిగ్స్ కూడా బాగానే వస్తున్నాయి. మన దగ్గర గినీ పిగ్ పిల్లలు చాలావరకు జబ్బుతో కాదు, ఇంట్లో వాళ్లు ప్రేమకొద్దీ వేసిన తప్పు మందుతోనో, తొందరపడి గొంతులోకి పోసిన మందుతోనో పోతున్నాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అమాక్సిసిలిన్ మన పిల్లలకి మంచి మందే. గినీ పిగ్‌కి మాత్రం విషం కిందే లెక్క. ఎందుకంటే దీని తిండి అంతా గడ్డి. ఆ గడ్డిని అరిగించేది పేగులో, ముఖ్యంగా పెద్దపేగు మొదట్లో ఉండే పెద్ద సంచిలో బతికే మంచి బ్యాక్టీరియా. పెన్సిలిన్ జాతి మందులు ఆ మంచి బ్యాక్టీరియాని తుడిచిపెట్టేస్తాయి. ఖాళీ అయిన చోట క్లాస్ట్రీడియం అనే చెడ్డ రకం పెరిగి విషం వదులుతుంది. విరేచనాలు పట్టుకుంటాయి, ఒళ్లు చల్లబడుతుంది, ప్రాణం పోతుంది. ఇది మందు వేసిన గంటకే కనబడదు, కొన్ని రోజుల తర్వాత మొదలవ్వొచ్చు. అందుకే చాలామంది 'సిరప్ వేస్తే తుమ్ములు తగ్గాయండీ, తర్వాత మోషన్స్ పట్టుకుని పోయింది' అంటారు. సిరప్‌కీ మోషన్స్‌కీ ఉన్న సంబంధం వాళ్లకి తట్టదు. పెన్సిలిన్, ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్ (క్లావులనేట్ కలిసినదైనా సరే), నోటితో ఇచ్చే సెఫాలెక్సిన్ లాంటివి, క్లిండమైసిన్, లింకోమైసిన్, ఎరిత్రోమైసిన్ అన్నీ ఈ కోవలోవే. గాయాల మీద చల్లే పొడుల్లో, పూసే ఆయింట్‌మెంట్లలో బాసిట్రాసిన్ ఉంటే అదీ వద్దు. ఒంటి మీద పూసినా తల్లి నాకుతుంది, పిల్లా నాక్కుంటుంది, అది కడుపులోకే చేరుతుంది.

ఇక గొర్రెల మందు. మీరు పేరు చెప్పలేదు కాబట్టి సీసా మీద చదవండి. స్ట్రెప్టోపెన్సిలిన్ అయితే పైన చెప్పిన కారణానికే వద్దు, పైగా స్ట్రెప్టోమైసిన్ కూడా వీటికి పడదు. ఎక్కువగా ఇచ్చేది ఐవర్‌మెక్టిన్. గజ్జికి, పురుగులకి వాడేది, జలుబుకి సంబంధమే లేదు. సరే, రేపు ఎప్పుడైనా గజ్జే వచ్చిందనుకోండి, అప్పుడైనా ఆ సీసా నుంచి తీసి వేయకూడదు. లెక్క చూడండి. పశువులకి, గొర్రెలకి అమ్మే ఒక శాతం ఐవర్‌మెక్టిన్ మందు 50 కిలోల బరువుకి 1 మి.లీ. చొప్పున వేస్తారు. ముప్పై, ముప్పై అయిదు కిలోలు తూగే మన నెల్లూరు జొడిపి పొట్టేలుకే ముప్పావు మి.లీ. కూడా పట్టదు. మీ పిల్ల బరువు 200 గ్రాములు అనుకుంటే అదే లెక్కన దానికి 0.004 మి.లీ. పడుతుంది. అంత కొలిచే సిరంజి మందుల షాపులో దొరకదు. సూది మొనకి వేలాడే చుక్క కూడా అంతకంటే చాలా రెట్లు పెద్దది. ఇలాంటి మందుని డాక్టరు పలచన చేసి ఇవ్వాలి, లేదా చిన్న జంతువులకి తగ్గ మోతాదులో ఉన్నది రాయాలి.

నీళ్ల సీసాలో కలపడం గురించి. జబ్బు పడిన పిల్ల నీళ్లే సరిగ్గా తాగదు. మందు కలిపాక రుచి మారితే ఉన్న కాస్తా మానేస్తుంది. ఏ పిల్ల ఎంత తాగిందో, తల్లి ఎంత తాగిందో ఎవరికీ తెలియదు. కాబట్టి మందు ఏదైనా ఒక్కో పిల్లకి విడిగా, కొలిచి, నోటికే పట్టాలి.

మరి ఏ మందు? తుమ్ములు, ముక్కు తడి, మేత మానడం కలిసి కనబడితే ఊపిరితిత్తులకి ఇన్‌ఫెక్షన్ పాకుతోందేమోనని చూడాలి. ఈ వయసులో అది న్యుమోనియాగా మారడానికి ఎక్కువ సమయం పట్టదు. యాంటీబయాటిక్ అవసరమే కావచ్చు. గినీ పిగ్స్‌కి డాక్టర్లు సాధారణంగా వాడేవి సల్ఫా-ట్రైమెథోప్రిమ్, ఎన్రోఫ్లాక్ససిన్, కొన్నిసార్లు డాక్సీసైక్లిన్. ఎన్రోఫ్లాక్ససిన్ ఎదిగే వయసులో కీళ్ల మృదులాస్థి మీద ప్రభావం చూపుతుందన్న అనుమానం ఉంది కాబట్టి ఇంత చిన్నవాటికి నేను ముందు సల్ఫా-ట్రైమెథోప్రిమ్ వైపే చూస్తాను. ఊపిరి ఇబ్బందిగా ఉంటే మాత్రం అదీ ఇదీ ఆలోచించే పరిస్థితి ఉండదు, పని చేసే మందు వేయాల్సిందే. ఆ నిర్ణయం పిల్లని చేతిలో పట్టుకుని చూసిన డాక్టరుది. మీ చేతిలో ఉన్నది ఆ మందుని సరిగ్గా లోపలికి పంపడం. అసలు కష్టం అక్కడే.

మొదట బరువు. వంటింట్లో వాడే డిజిటల్ కాటా చాలు, గ్రాముల్లో చూపించేది. ఒక గిన్నెలో గుడ్డ వేసి, కాటాని సున్నాకి తెచ్చి, పిల్లని కూర్చోబెట్టండి. రోజూ ఒకే వేళకి, పొద్దున్నే తూచి ఒక కాగితం మీద రాయండి. ఆరోగ్యంగా ఉన్న పిల్ల రోజూ కొన్ని గ్రాములు పెరుగుతుంది. పెరగకుండా ఆగినా, తగ్గినా జబ్బు లోపల ముదురుతున్నట్టే. పైకి హుషారుగా కనబడినా కాటా చెప్పేదే నమ్మండి. ఇవి వేటాడబడే జాతి జంతువులు, నీరసాన్ని చివరి దాకా బయటపెట్టవు.

తర్వాత మోతాదు. డాక్టరు 'కిలోకి 30 మిల్లీగ్రాములు, పూటకి' అని రాశారనుకోండి. ఇది లెక్క అర్థం కావడానికి చెబుతున్నాను, మీ చీటీలో ఉన్నదే మీకు ప్రమాణం. 200 గ్రాముల పిల్లకి 6 మిల్లీగ్రాములు. చిన్నపిల్లల సల్ఫా-ట్రైమెథోప్రిమ్ సస్పెన్షన్‌లో మామూలుగా 5 మి.లీ.కి సల్ఫా 200, ట్రైమెథోప్రిమ్ 40, మొత్తం 240 మిల్లీగ్రాములు ఉంటాయి. అంటే మిల్లీలీటరుకి 48. మీ పిల్లకి పట్టాల్సింది సుమారు 0.12 మి.లీ. ఇక్కడ ఒక మెలిక ఉంది. కొందరు డాక్టర్లు రెండూ కలిపిన మొత్తం మీద మోతాదు రాస్తారు, కొందరు ట్రైమెథోప్రిమ్ ఒక్కదాని మీద రాస్తారు. ఒకటనుకుని ఇంకొకటి వేస్తే ఆరు రెట్లు తేడా వస్తుంది. అందుకని మిల్లీగ్రాముల లెక్క మీ నెత్తిన వేసుకోకుండా 'ఈ సీసా నుంచి ఎన్ని మి.లీ. పట్టాలి సార్' అని అడిగి, అది చీటీ మీద రాయించుకోండి. సీసా కూడా చూపించండి.

0.12 మి.లీ. కొలవడానికి 1 మి.లీ. సిరంజి కావాలి. మందుల షాపులో అడిగితే చాలాసార్లు ఇన్సులిన్ సిరంజి చేతిలో పెడతారు. జాగ్రత్త. దాని మీద ఉన్నవి మి.లీ. గీతలు కావు, యూనిట్లు. మన దగ్గర రెండు రకాలు దొరుకుతాయి: 40 యూనిట్లు 1 మి.లీ. అయ్యేది, 100 యూనిట్లు 1 మి.లీ. అయ్యేది. 0.12 మి.లీ. అంటే 100 రకంలో 12వ గీత. అదే 12వ గీత దాకా 40 రకంలో తీస్తే 0.3 మి.లీ., అంటే రెండున్నర రెట్లు. ఎప్పుడూ 'ట్యూబర్‌క్యులిన్ సిరంజి' అని అడగండి, 0.01 మి.లీ. గీతలు ఉంటాయి, సూది ఊడివస్తుంది. సూది తీసి పారేసి ఉత్త సిరంజే వాడాలి. పిల్లకొకటి, వాటి మీద గుర్తులు పెట్టుకోండి. వాడాక వేణ్నీళ్లతో కడిగి ఆరబెట్టండి. మందు తీసే ముందు సీసా బాగా కుదపాలి. సస్పెన్షన్ మందు అడుగున పేరుకుంటుంది, కుదపకపోతే మొదటి రోజుల్లో ఉత్త తీపి నీళ్లు, చివరి రోజుల్లో గాఢమైన మందు వెళ్తాయి. మాత్ర పొడిచేసి నీళ్లలో కలిపి పట్టడం ఈ బరువు పిల్లలకి నాకసలు ఇష్టం లేదు, ప్రతి చుక్కలో మందు సమానంగా ఉండదు.

ఇప్పుడు పట్టడం. నేల మీద కూర్చోండి. మంచం మీదో, కుర్చీలోనో, నిలబడో వద్దు. ఈ పిల్లలు ఉన్నట్టుండి గెంతుతాయి. రెండడుగుల ఎత్తు నుంచి పడినా కాలో, వెన్నో విరుగుతుంది. ఒళ్లో తువ్వాలు పరిచి పిల్లని కూర్చోబెట్టి, వీపు మీదుగా తువ్వాలు కప్పి ముఖం మాత్రం బయట ఉంచండి. ఛాతీ చుట్టూ బిగించకూడదు. అసలే ఊపిరి బరువుగా ఉన్న పిల్ల, పక్కటెముకలు కదలకపోతే ఇంకా ఉక్కిరిబిక్కిరి అవుతుంది. వెల్లకిలా పడుకోబెట్టడం, తల వెనక్కి వంచి పైకి ఎత్తడం అసలు చేయొద్దు. నాలుగు కాళ్లూ కింద ఆని, మామూలుగా మేత తినేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉండాలి. ఇంకొకరు పక్కనుంటే మంచిది. ఒకరు రెండు చేతులతో వెనక నుంచి ఆనుకుని ఉంచితే ఇంకొకరు మందు పట్టొచ్చు.

సిరంజి ముందు నుంచి పళ్లలోకి నెట్టకండి. ముందు పళ్లకీ వెనక దవడ పళ్లకీ మధ్య ఖాళీ ఉంటుంది. పెదవి పక్క మూల నుంచి సిరంజి కొస ఆ ఖాళీలోకి పెట్టి, ఎదుటి బుగ్గ వైపు చూసేలా ఏటవాలుగా ఉంచండి. గొంతు వైపు సూటిగా వద్దు. కొస తగలగానే చాలా పిల్లలు నమలడం మొదలుపెడతాయి, అప్పుడు ఒక్క చిన్న చుక్క వదలండి. నమిలి, దవడ కదిలి, మింగిందని చూశాక ఇంకో చుక్క. 0.12 మి.లీ.ని రెండు మూడు దఫాలుగా పట్టండి. ఆగి ఆగి పట్టమనడానికి కారణం ఉంది: గినీ పిగ్ నోటి వెనక మెత్తటి అంగిలి నాలుక మొదలుతో కలిసిపోయి ఉంటుంది, గొంతులోకి దారి మధ్యలో ఒక చిన్న రంధ్రం మాత్రమే. ఒక్కసారిగా పోస్తే అది అటు పోలేక వెనక నిలిచి, ఊపిరి పీల్చినప్పుడు ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. దానితో వచ్చే న్యుమోనియా ముందున్న జలుబు కంటే ప్రమాదం. ఇవి వాంతి చేసుకోలేవు కూడా, కాబట్టి తప్పుడు మందు లోపలికి పోతే బయటికి రప్పించే దారి లేదు.

పిల్ల తల తిప్పేసుకుంటే బలవంతం చేయకండి. అరనిమిషం ఆగి, వీపు నిమిరి, మళ్లీ మొదలుపెట్టండి. ముక్కులోంచి బుడగలు వచ్చినా, దగ్గులా వచ్చినా వెంటనే ఆపి, తల కాస్త కిందికి ఉండేలా పట్టుకుని ముక్కు తుడవండి. ఆ పూటకి అంతే. ఊపిరి మామూలు కాకపోతే నేరుగా డాక్టరు దగ్గరికే. సగం మందు గడ్డం మీదకి కారిపోయిందనుకుంటే మళ్లీ పూర్తి మోతాదు పట్టొద్దు. ఎంత లోపలికి పోయిందో తెలియకుండా రెండోసారి వేయడం కంటే ఒక పూట తక్కువ పడటం నయం. అయ్యాక గడ్డం తడిగుడ్డతో తుడిచి, ఒక కొత్తిమీర కాడ చేతికివ్వండి. నాలుగైదు పూటలకి సిరంజి కనబడితే తనే ముందుకొచ్చే పిల్లలున్నాయి. వెంటనే తల్లి దగ్గర వదిలేయండి. తల్లి నుంచి ఎక్కువసేపు విడదీస్తే ఆ బెంగతోనే మేత మానేస్తాయి.

ఇక అన్నిటికంటే నాకు టెన్షన్ పెడుతున్నది మీ చిన్న పిల్ల మేత మానేయడం. గినీ పిగ్ పేగు ఆగకూడదు. ఎదిగిన గినీ పిగ్ అయినా సగం రోజు తిండి మానిందంటే డాక్టరుకి చూపించాల్సిన పరిస్థితి. మూడు వారాల పిల్లకి అంత గడువు కూడా లేదు. నిన్న సాయంత్రం నుంచి అన్నారు కాబట్టి ఇది చదివిన వెంటనే బయల్దేరండి, యాంటీబయాటిక్ గురించి ఆలోచన అక్కడ చేయొచ్చు. బయల్దేరే ముందు పొట్ట తడిమి చూడండి. మెత్తగా ఉంటే తిండి పట్టొచ్చు. డోలులా బిగుసుకుని ఉంటే ఏమీ పట్టకూడదు, లోపల గాలి నిండి ఉండొచ్చు. మెత్తగా ఉంటే, గినీ పిగ్ పెల్లెట్లు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెత్తగా మెదిపి, సిరంజిలో ఎక్కేంత జారుగా చేసి, పైన చెప్పినట్టే పక్క నుంచి అరమిల్లీ లోపు చొప్పున పట్టండి. రోజంతా కలిపి కిలోకి 50 నుంచి 80 మి.లీ. లెక్క. 200 గ్రాముల పిల్లకి 10 నుంచి 16 మి.లీ. దాన్ని అయిదారు సార్లుగా, రాత్రి కూడా ఒకసారి లేచి పట్టాలి. ఆవు పాలు, గంజి, రాగి జావ, చంటిపిల్లల డబ్బా పిండి వద్దు. పేగులో పులిసి ఇంకో కష్టం తెస్తాయి.

విటమిన్ సి మాట. మనలాగే వీటి ఒంట్లో అది తయారవదు. జబ్బులో ఉన్న పిల్లకి రోజుకి కిలోకి 30 నుంచి 50 మిల్లీగ్రాముల దాకా ఇస్తాం, అంటే మీ పిల్లకి 6 నుంచి 10. మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాములున్న పిల్లల చుక్కల మందు అయితే 0.1 మి.లీ.తో సరిపోతుంది. నీళ్లలో కలిపితే వెలుతురుకి చెడిపోతుంది, ఉపయోగం ఉండదు. విరేచనాలు లేకపోతే జామకాయ ముక్క, క్యాప్సికం ముక్క మంచివి. మీరు కుందేలు పెల్లెట్లే వీటికీ పెడుతుంటే మార్చండి, వాటిలో విటమిన్ సి విడిగా కలపరు.

కుందేలుని ఈరోజే వేరే గదిలోకి మార్చండి. గినీ పిగ్స్‌కి న్యుమోనియా తెచ్చే బోర్డెటెల్లా అనే బ్యాక్టీరియా కుందేలు ముక్కులో ఏ లక్షణమూ లేకుండా ఉండొచ్చు. కుక్కల్లో కూడా అంతే. ముందు గినీ పిగ్స్‌ని చూసుకుని, తర్వాతే కుందేలు పని చూడండి, చేతులు కడుక్కోండి. కింద పరిచే రంపపు పొట్టు దుమ్ముగా ఉంటే తీసేసి, నాలుగైదు రోజులు ఉతికిన నూలు గుడ్డలు వేయండి. కంటి నుంచి అప్పుడప్పుడు పాలలాంటి తెల్లటి నీరు వచ్చి ముందు కాళ్లతో ముఖం తుడుచుకుంటే అది జబ్బు కాదు, అలా శుభ్రం చేసుకుంటాయి. కళ్లు అంటుకుపోయి పుసిలా ఉంటే అది జబ్బు.

గడ్డి విషయంలో మన జిల్లాలో ఒక్క జాగ్రత్త. వరి పొలం గట్ల మీద గరిక కోసుకొస్తారు, పురుగుమందు కొట్టిన పొలం పక్కది వద్దు. ఇంటి దగ్గర పెరిగిన గరిక కడిగి, నీడన కాస్త ఆరనిచ్చి పెట్టండి. లూసర్న్ ఎదిగే పిల్లలకి పెట్టొచ్చు.

ప్రయాణం గురించి కూడా చెబుతాను, ఎందుకంటే దారిలోనే పోయినవి ఉన్నాయి. కావలి నుంచి అటు ఒంగోలైనా ఇటు నెల్లూరైనా హైవే మీద గంటకి పైనే. ముందు ఫోన్ చేసి 'గినీ పిగ్స్ చూస్తారా' అని అడిగి వెళ్లండి. వాళ్లు చూడం అంటే తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. వీటికి 28 డిగ్రీలు దాటితేనే ఇబ్బంది మొదలవుతుంది. రోహిణీ కార్తెలో మన బస్సులో ఉండే వేడి వీటికి ప్రాణాంతకం. తెల్లవారుజామునే బయల్దేరండి, మేత మానిన పిల్ల అయితే ఆ వేళకి ఆగకుండా ఏసీ కారో, ఆటోలో తడిగుడ్డ కప్పిన బుట్టో చూసుకోండి. గాలాడే బుట్టలో తువ్వాలు వేసి, తల్లిని, మిగతా పిల్లల్ని కూడా తోడు తీసుకెళ్లండి. తుమ్ములు లేని పిల్లనీ చూపించినట్టవుతుంది. ఎండలో ఉన్న పిల్ల చొంగ కారుస్తూ చాపుకుని పడుకుంటే అది వడదెబ్బ. చెవులు, పాదాలు మామూలు చన్నీళ్లతో తడపండి, ఐసు నీళ్లు వద్దు.

నోరు తెరిచి ఊపిరి తీయడం, ప్రతి శ్వాసకీ డొక్కలు ఎగరడం, నీళ్లలా విరేచనం, ఒళ్లు చల్లబడటం, తల పక్కకి వాలడం వీటిలో ఏది కనబడినా రేపటికి ఆగొద్దు. చల్లబడిన పిల్లకి ముందు వెచ్చదనం ఇచ్చాకే నోటికి ఏదైనా పట్టాలి. వేడినీళ్ల సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. మందు మొదలయ్యాక తుమ్ములు రెండు రోజుల్లో తగ్గినా డాక్టరు చెప్పినన్ని రోజులు పట్టాల్సిందే. మందు వేస్తుండగా పెంటికలు మెత్తబడితే మీకు మీరే ఆపకుండా ఫోన్ చేసి అడగండి, మందు మార్చాల్సి రావచ్చు. పెంటికలు గట్టిగా ఉండి, బరువు పెరుగుతుంటే మందు పడుతున్నట్టు.

ఇంకొకటి మీరు అడగలేదు. మూడు వారాలు నిండాయి కాబట్టి పిల్లల్లో మగవి ఏవో డాక్టరుని చూసి చెప్పమనండి. ఆడ పిల్లలు నెల దాటగానే చూలు కట్టగలవు, తల్లి ఈనిన కొద్ది గంటలకే మళ్లీ ఎదకి వస్తుంది. మగ పిల్ల ఉంటే తల్లి నుంచి, ఆడ తోబుట్టువు నుంచి వేరే బుట్టలోకి మార్చాలి, కానీ మందు పడుతున్న పిల్లని ఒంటరిగా పెట్టొద్దు. మగవి ఒకటికి మించి ఉంటే వాటిని కలిపి ఉంచండి. ఒక్కటే అయితే మధ్యలో జాలీ పెట్టి పక్కపక్కనే ఉంచండి, ఒకదాని మాట ఒకటి వింటూ ఉంటే మేత తింటాయి.